ఎర్తు గుంతకు రెండు బకెట్లు

మా బిక్షం చొక్కా జేబులో పెన్ను ఉండదు, టెస్టరు ఉంటుంది. గేటు దగ్గర కూర్చుని వచ్చీపోయేవాళ్ల పేర్లు రాసుకుంటున్న ఈ రోజుల్లోనూ అంతే. రాయడానికి పెన్ను మాత్రం నన్ను అడుగుతాడు.

సీతాఫల్‌మండి స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మా పరిశోధన సంస్థలో అతను ఇరవై రెండేళ్లు ఎలక్ట్రీషియన్. నేను స్టోర్ కీపర్‌ని, నా పేరు నతానియేల్. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద టిఫిన్ డబ్బాలు విప్పుతాం. అతనిది భార్య శ్యామలమ్మ చేతి వంట కాబట్టి నా చూపు ఎప్పుడూ అతని డబ్బా మీదే.

కిందటేడు జనవరిలో నా స్టోరు గది ఖాళీ చేయమన్నారు. అందులోకి మెదడులో పుట్టే కరెంటును నమోదు చేసే యంత్రం వస్తుందట. నెత్తికి ముప్పై రెండు వైర్ల టోపీ పెడితే తెర మీద గీతలు పడతాయి. నాకు ఒళ్లు మండింది. పద్దెనిమిదేళ్ల సామాను మెట్ల కింద కుక్కాల్సి వచ్చింది మరి. బిక్షం మాత్రం పెళ్లివారింట్లో మనిషిలా హడావిడి పడ్డాడు. యంత్రం తెప్పించిన అనుపమ మేడమ్ అతన్ని కూర్చోబెట్టి చెప్పింది: మెదడు కరెంటు చాలా సన్ననిది, గోడల్లోని కరెంటు దాన్ని మింగేస్తుంది, ఈ గదిని ఆ గోల లేకుండా చేయాలి, అది నీ చేతిలో ఉంది. అతని పని గురించి అంత శ్రద్ధగా మాట్లాడిన మనిషి అంతకుముందు లేడు. అందరూ "బిక్షం, ఫ్యాను తిరుగుతలేదు" అనేవాళ్లే.

గది వెనక ఎనిమిదడుగుల గుంత తవ్వించి, రాగి పలక దించి, బొగ్గూ ఉప్పూ వరసలుగా పోసి, దారితప్పిన కరెంటు నేలలోకి దిగిపోయేలా ఎర్తు కట్టాడు. వైర్లన్నీ ఇనప గొట్టాల్లోంచి లాగాడు. ట్యూబులైట్లు పీకేశాడు. "ఎర్తుకు నీళ్లు తాపాలె సార్, వారానికి రెండు బకెట్లు. ఎండిందంటే పనిచెయ్యది" అని నాకు కూడా పాఠం చెప్పాడు. నాకెందుకులే అనుకుంటూ విన్నాను.

యంత్రం వచ్చిన రోజు పరీక్షకు ఒక తల కావలసి వచ్చింది. జుట్టుకు జిగురు పూస్తారనేసరికి చదువుకున్నవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"బిక్షమన్నా, జెర నువ్వు కూర్చుంటవా?" అంది అనుపమ మేడమ్.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. నాకూ తర్వాతే తెలిసింది. ఇరవై ఏళ్ల వయసులో బిక్షానికి మూర్ఛ వచ్చేది. రాణిగంజ్‌లో మోటార్లు చుట్టే షాపులో ఒకసారి పడిపోతే, మర్నాటి నుంచి రావొద్దన్నారు. కుదిరిన సంబంధం కూడా తప్పిపోయింది. మందులు వాడాడు. ఇరవై ఆరేళ్లుగా మళ్లీ రాలేదు. ఈ సంగతి శ్యామలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. రోజూ వేసుకునే మాత్ర టిఫిన్ డబ్బా అడుగు గిన్నెలో, కాగితంలో చుట్టి ఉండేది. ఆ డబ్బాను అన్నేళ్లు కళ్లతో తిన్న నేనే కనిపెట్టలేకపోయాను. బయటపడితే కరెంటు పని పోతుంది. ఆ పని తప్ప బిక్షానికి తనదని చెప్పుకునేది ఏమీ లేదు.

అందుకే అడిగాడు. "మేడమ్, నా పేరు గిట్ల ఎక్కుతదా అండ్ల?"

"లేదన్నా. ఇది మిషన్‌కు టెస్టు, నీకు కాదు. పేరు ఉండదు, ఎవ్వరూ చూడరు."

కూర్చున్నాడు. తెర మీద మెదడు జాడే లేదు, గీతలన్నీ నల్లగా ఒత్తుగా కొట్టుకుంటున్నాయి. ఎక్కడినుంచో గోడ కరెంటు దూరుతోంది. మేడమ్ మొహం వాడిపోయింది. బిక్షం మొహం మాత్రం తేలికపడింది. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు.

అక్కడితో వదిలేసి ఉంటే ఈ రోజు గేటు దగ్గర ఉండేవాడు కాదు. వదిలేస్తే బిక్షం ఎందుకవుతాడు? మర్నాడు పొద్దున్నుంచి భవనంలోని స్విచ్చులు ఒక్కొక్కటే ఆపడం, వచ్చి తెర చూడడం, మళ్లీ పోవడం. సాయంత్రానికి దొంగ దొరికింది. గోడకు అవతల వరండాలో ఉన్న వాటర్ కూలర్. దాన్ని మూడో అంతస్తుకు ఎక్కించేశాడు. చల్లటి నీళ్లు కావాలంటే నేనిప్పుడు మూడంతస్తులు ఎక్కాలి.

మేడమ్ మళ్లీ కూర్చోమంది. కాసేపు తటపటాయించి, మాట ఇచ్చింది కదా అని కూర్చున్నాడు. ఈసారి గీతలు సన్నగా, విడివిడిగా నడిచాయి. అందరూ చప్పట్లు కొట్టారు. మధ్యలో రెండు మూడు చోట్ల గీత సూదిలా లేచి పడింది. అనుపమ మేడమ్ చేతులు అక్కడే ఆగాయి. "గది చాలా బాగా చేసినవన్నా" అంది. అంతే అంది.

పదో రోజున ఆర్డరు వచ్చింది. ఆమె ఆ గీతలను తెలిసిన డాక్టరుకు పంపింది, అవి మూర్ఛ గుర్తులని డాక్టరు చెప్పిన మాట డైరెక్టరుకు చేరవేసింది. ఆరోగ్య కారణాల వల్ల బిక్షం కరెంటు పనులు చేయరాదు, గేటు డ్యూటీకి మారాలి, పనిముట్లు స్టోరులో అప్పగించాలి. తీసుకోవాల్సింది నేనే. ప్లయర్లు, స్క్రూడ్రైవర్లు, రబ్బరు చేతితొడుగులు ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. టెస్టరు జేబులోనే ఉండిపోయింది. నేను అడగలేదు.

"మేడమ్ నాకు ఒక్క మాట చెప్తే అయిపోతుండె సార్," అన్నాడు. "నేనే పోయి డైరెక్టర్ సార్‌కు చెప్పెటోణ్ని. దొంగను పట్టిచ్చినట్టు పట్టిచ్చింది."

మూర్ఛ ఉన్న మనిషి నిచ్చెన ఎక్కకూడదనడం తప్పని నేననను. కానీ ఎవరూ చూడరని చెప్పి, నమ్మించి కూర్చోబెట్టిన మనిషి ఊరందరికన్నా ముందు అతనికి కదా చెప్పాలి. ఆమె రోజూ గేటు దాటుతూ "నమస్తే అన్నా" అంటుంటే నేను మొహం తిప్పుకునేవాణ్ని. బిక్షం లేచి గేటు తీసేవాడు.

మే నెలలో గీతలు మళ్లీ పాడయ్యాయి. బిక్షం బదులు ఏజెన్సీ పంపిన మనుషులు రెండుసార్లు వచ్చి వైర్లు మార్చి వెళ్లినా ఫలితం లేదు. ఓ మధ్యాహ్నం మేము డబ్బాలు విప్పిన వేళకు అనుపమ మేడమ్ వచ్చింది.

"అన్నా, మళ్ల గదే గోల. వాళ్లకు ఏం తెలుస్తలేదు."

"ఎర్తుకు నీళ్లు ఎవరు పోస్తున్నరు మేడమ్?"

అతను గేటుకు మారినప్పటి నుంచి ఎవరూ పోయలేదు. పోసుకోనీ, నీ పని కాదని చెప్పు అన్నట్టు బల్ల కింద అతని కాలు తొక్కాను. అతను డబ్బా మూసి లేచాడు.

"పోస్త పదండ్రి. నీళ్లే గద, కరెంటు కాదు గద."

ఆమె మొహం విప్పారింది. "థాంక్స్ అన్నా. నీళ్లు పోసినంక ఒక్క పది నిమిషాలు కూర్చుంటవా? నీ పాత రికార్డింగ్ ఉంది, పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతది."

బిక్షం బకెట్ అందుకోబోయి ఆగాడు.

"పేరు ఉండదంటిరి గద మేడమ్. అది నాదని ఎట్ల దొరికె?"

అతను కుళాయి కింద బకెట్ పెట్టి, అది నిండేదాకా చూసి, చేత్తో ఎత్తాడు.

"నీళ్లు పోస్త మేడమ్. తల మాత్రం ఇయ్య."