ఇనాక్ షారక్స్ దవడ

ఆఁ, మొన్న ఎక్కడ ఆపాను? కెజయా నోటికి తాళం వేసుకోవడం దగ్గర కదూ! కెజయా అంటే మన ఇనాక్ షారక్స్ పెళ్ళాం. ఇనాక్ చెక్కబూట్లు చేసేవాడి కొడుకు. ప్రెస్సులో అక్షరాలు పేర్చుతూ పేర్చుతూ మా హాలిన్‌ఫోల్డ్ ఊరి వారపత్రికలో రాతకి దిగాడు. లండన్ దొరల ఇంగ్లీషులో కాదండోయ్, మా మిల్లు వీధి యాసలో! శనివారం మిల్లు కట్టేయగానే ఆడవాళ్ళంతా మా గుమ్మం ముందు చేరతారు, నేను పైకి చదువుతాను. బళ్ళో పిల్లల మీద అరిచిన గొంతు ఊరికే పోతుందా?

చిక్కేమిటంటే, అతను రాసే మాటలన్నీ కెజయావే. "మా అత్త పుడ్డింగుతో గోడ కట్టొచ్చు" అని ఆవిడ అన్నదీ అచ్చేశాడు. అత్తగారు పత్రిక చంకన పెట్టుకుని మరీ దిగింది. ఇంకేముంది, ఆ రోజు నుంచీ కెజయా మూగనోము.

ఉత్త మూగనోమైతే బాగుణ్ణు. మిల్లులో మగ్గాల రొదకి మాట వినపడదుగా, మా నేతగత్తెలు గొంతు లేకుండా పెదాలతోనే మాట్లాడుకుంటారు. కెజయా ఇంట్లోనూ అదే మొదలెట్టింది. వీధంతా ఆవిడ పక్షమే. ఇనాక్ కనబడితే చాలు, అందరూ చేపల్లా నోళ్ళాడించడం! మగ్గం ముందు ఒక్కనాడూ నిలబడనివాడు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"పంతులమ్మగారూ, గురువారానికి ఏదైనా ఇవ్వకపోతే నా చోట్లో మలబద్ధకం మాత్రల ప్రకటన వేస్తాట్ట ఎడిటరు. ఇక నన్ను రావద్దంటాడు" అని ఇనాక్ నా దగ్గరికొచ్చి లబలబలాడాడు. "నేనూ ఆ పెదాల భాష నేర్చుకుంటా."

బుధవారం పొద్దున్నే అద్దం ముందు నుంచుని, "కెజయా, క్షమించవే" అని గొంతు లేకుండా సాధన చేశాడు. దవడ బాగా సాగదీశాడు. టక్! తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

వెక్కిరిస్తున్నాడనుకుని కెజయా నోము మరిచి అరిచేసింది. "ముయ్యవయ్యా నోరు!"

"ఆ... ఆ..."

"ముయ్యమంటే ఇంకా తెరుస్తావేం? నీ పళ్ళు నేనెరగనా?"

పక్కింటి ఆల్మా పరుగెత్తుకొచ్చింది. "ఒసేయ్, ఇది వెక్కిరింత కాదే, దవడ పట్టేసింది! ఈగలు దూరతాయి, గుడ్డ కప్పు!"

చెరో రెక్కా పట్టుకుని గుర్రాల వైద్యుడి దగ్గరికి లాక్కెళ్ళారు. ఆయన రెండు బొటనవేళ్ళు నోట్లో పెట్టి ఒక్క నొక్కు నొక్కాడు. "గుర్రం కన్నా నయం, కరవలేదు" అన్నాడు.

నోరు మూతపడీ పడగానే ఇనాక్ అన్నదేమిటో తెలుసా? "కెజయా, ఇందాక పళ్ళ గురించి ఏమన్నావ్? మళ్ళీ అనవూ!"

"అంటా. కానీ ఈ వారం నీ దవడ కథే రాయాలి."

"పరువు పోతుందే!"

"ఇన్నాళ్ళూ పోయింది నాదయ్యా!"

రాశాడు, ఏం చేస్తాడు! శనివారం నవ్వాపుకోలేక నేను చదవలేకపోయాను. అత్తగారు నవ్వి నవ్వి టోపీ పారేసుకుంది. ఇప్పుడేమో అందరూ అతని కిటికీ కింద నిలబడి గొంతు చించుకుంటున్నారు, మా మాటలు వెయ్యవయ్యా అని. నా మాట ఒక్కటీ రాలేదు, చూశారా అన్యాయం! రేపు చర్చి అవగానే బఠాణీ సూపు పట్టుకుని వాళ్ళింటికి వెళ్తాను. పాపం, నమలక్కర్లేదుగా. అతను తాగుతుంటే నేను చెప్తాను.