పద్నాలుగు రోజులకొకసారి పుంగనూరు

పోయిన ఆదివారం సూట్‌కేసు కోసం అటక మీద చెయ్యి పెడితే, దానికంటే ముందు ఒక నీలం రంగు రెక్సిన్ సంచీ జారి నా భుజం మీద పడింది. జిప్పు తుప్పు పట్టి సగంలో ఆగిపోయింది. పక్క జేబులో నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. మా పత్రికాఫీసులో న్యూస్‌ప్రింట్ ముక్కలు కుట్టి రాసుకోవడానికి ఇచ్చేవాళ్ళు, ఆ ప్యాడ్ కాగితం. చేతిరాత నాదే. "దగ్గు తగ్గింది. పెరుగన్నం తింటోంది, పప్పన్నం ఉమ్మేస్తోంది. కింది వరసలో కొత్త పన్ను కనబడుతోంది. నిద్రపోయే ముందు చెవి పట్టుకుంటుంది. తన చెవి కాదు, ఎత్తుకున్నవాళ్ళది. పట్టుకోనివ్వాలి."

సూట్‌కేసు మా చిన్నదాని కోసం. పదో తరగతి అయిపోయింది. తనకు కావలసిన గ్రూపు ఉందని కుప్పంలో ఇంటర్మీడియట్ చేరుతోంది, అక్కడ వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో ఉంటుంది. పెద్దది మదనపల్లెలోనే చదువుతానంది. పెద్దది, చిన్నది అంటున్నాను గాని ఇద్దరికీ తేడా తొమ్మిది నిమిషాలు. పుట్టినప్పటినుంచీ ఒకే మంచం, ఒకే బెంచీ, ఒకే సైకిలు. రెండు వారాలుగా ఇంట్లో ఒకటే మాట: "మొదటిసారి విడిపోతాండాము." ఆ మాట అన్నప్పుడల్లా మా ఆవిడ వంటింట్లోకి వెళ్ళి ఏదో ఒక గిన్నె సర్దుతుంది. నేను పేపరు తిరగేస్తాను. అది మొదటిసారి కాదని మా ఇద్దరికీ తెలుసు.

పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు పుట్టారు కాబట్టి ఊళ్ళో అందరూ మమ్మల్ని అదృష్టవంతులన్నారు. ఆ సంగతి మాకు కూడా తెలుసు, కాని కూర్చుని ఆలోచించే తీరిక లేకపోయింది. మొదటి ఏడాది మా అమ్మ ఉంది. తర్వాత తమ్ముడి భార్యకు కాన్పు దగ్గరపడి అమ్మ గుర్రంకొండ వెళ్ళిపోయింది. అప్పటికి వీళ్ళు నడవడం నేర్చుకున్నారు. ఒక బిడ్డ నడిస్తే ఎటు పోయిందో చూడొచ్చు. ఇద్దరు నడిస్తే ఎప్పుడూ వేర్వేరు దిక్కులకే నడుస్తారు. ఒకరు నీళ్ళ బకెట్ వైపు, ఇంకొకరు కరెంటు ప్లగ్గు వైపు. మా ఆవిడ రామసముద్రం దగ్గర ఒక పల్లెలో టీచరు. ఉదయం ఎనిమిదింటి బస్సు. నేను విలేకరిని, నాకు వేళలంటూ లేవు, కాబట్టి పిల్లల్ని చూసుకోవడానికి అన్ని వేళలూ ఖాళీయేనని ఇంటి లెక్క. ఒకర్ని ఎత్తుకుని, ఒకర్ని కాళ్ళ మధ్య ఇరికించుకుని వార్తలు ఫోన్లో చెప్పేవాణ్ణి.

ఇద్దరూ అచ్చు గుద్దినట్టు ఉండేవాళ్ళు. గుర్తు కోసం పెద్దదాని కుడికాలి బొటనవేలికి గోళ్ళరంగు వేశాం. అయినా ఒకరోజు ఒకే బిడ్డకు రెండుసార్లు నీళ్ళు పోసి, సాంబ్రాణి కూడా రెండుసార్లు వేసి, రెండోది ముందే ఇంత శుభ్రంగా ఉందేమిటా అనుకుంటూ ఉంటే, అసలు రెండోది మంచం కింద నుంచి బూజు నెత్తిన వేసుకుని వచ్చింది. ఆ రోజుల్లోనే టమోటా మార్కెట్ వార్త రాస్తూ ధరల దగ్గర కిలోకు బదులు మిల్లీలీటర్లు అని రాశాను, పొద్దున దగ్గు మందు పోసిన చెయ్యి కదా. డెస్కులో మా వార్తలు దిద్దే మిత్రుడు ఫోన్ చేసి, "ఏమన్నా, మదనపల్లిలో టమోటాలు పిండి అమ్ముతాండారా ఈ మధ్య?" అన్నాడు. నాకు నవ్వు రావడానికి రెండు రోజులు పట్టింది.

కురబలకోట నుంచి ఒకామెను పనికి పెట్టుకున్నాం. మంచి మనిషి, గొర్రెల మందను తోలిన అనుభవం ఉన్నామె. తొమ్మిదో రోజు చెంగు దులుపుకుని లేచింది. "ఒకరయితే సూస్తానప్పా. ఇద్దురు నా శాత కాదు. గొర్రెలన్నా ఒగ దిక్కుకే పోతాయి."

అప్పుడు మా అత్త కుప్పం నుంచి వచ్చింది. దూరపు చుట్టరికంలో పెళ్ళికి ముందు నుంచీ నాకు అత్తే కాబట్టి, అల్లుణ్ణి మీరు అనే అలవాటు ఆమెకు పడలేదు. కుప్పంలో మా మామకు చిన్న చిల్లర కొట్టు. ఆమె మా ఇంటి వాకిట్లో నిలబడి మమ్మల్ని ఒకసారి చూసింది. మా ఆవిడ జాకెట్టు తిరగవేసి తొడుక్కుని ఉంది. నేను రెండు కాళ్ళకు రెండు జతల చెప్పులు వేసుకున్నాను. "ఏమప్పా, మీరు బిడ్డల్ని సాకతాండారా, బిడ్డలు మిమ్మల్ని సాకతాండారా?" అంది. తర్వాత అన్నం తింటూ తేల్చి చెప్పింది. "నాకు మోకాళ్ళు నొప్పి. ఇద్దుర్ని ఎనకాల పరిగెత్తలేను. ఒగరినియ్యండి, తీసకపోతా. సెలవులొచ్చేదాకా."

ఎవర్ని ఇవ్వాలన్న దగ్గర మా ఆవిడ ఏడ్చింది. నేనే ఉపాయం చెప్పాను, ఆ సంగతి దాచను. ఒకర్నే పంపిస్తే అన్యాయం అవుతుంది, వంతులు పెట్టుకుందాం అన్నాను. పద్నాలుగు రోజులకొకసారి, ఆదివారం, పుంగనూరు బస్టాండులో కలుసుకుని మార్చుకోవడం. ఆమెకూ మాకూ మధ్యలో ఉంటుంది కదా పుంగనూరు అన్నాను. మధ్యలో ఏం కాదు. మదనపల్లె నుంచి మాకు గంటలోపు ప్రయాణం. ఆమె కుప్పంలో బస్సెక్కి వి.కోట, పలమనేరు దాటి బిడ్డను ఒళ్ళో పెట్టుకుని రావాలి. ఆమె ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. దూరాలు చూసి వార్తలు రాసే నాకు కూడా అప్పుడు తట్టలేదు, తట్టనివ్వలేదేమో.

మొదటి వంతు చిన్నది వెళ్ళింది, మేం పుంగనూరు దాకా పోయి మా అత్తతో బస్సెక్కించాం. నేను పైన చెప్పిన చీటీ లాంటిది ఒకటి రాసి నీలం సంచీలో పెట్టాను. షిఫ్టు మారేటప్పుడు వచ్చేవాళ్ళకు పని అప్పజెప్పినట్టు. పెద్దదాన్ని తీసుకుని మధ్యాహ్నానికి ఇంటికి వచ్చాం. ఆమె నిద్రపోయింది. మేమిద్దరం కూడా పడుకున్నాం, వీధి తలుపు తీసే ఉంది. పక్కింటావిడ చూసి లోపలికి కుక్క వస్తుందని బయట గడియ పెట్టి వెళ్ళిపోయింది. సాయంత్రం ఐదింటికి లేచి, కిటికీలోంచి ఆమెను కేకేసి తలుపు తీయించుకున్నాం. ఏడాదిన్నర తర్వాత అదే మా మొదటి నిద్ర. ఆ నిద్ర రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే తర్వాత జరిగినవి చూసి కూడా చూడనట్టు ఉండగలిగాను.

మా పడగ్గదిలో ఇనుప బీరువాకు నిలువుటద్దం ఉంది. మూడు రోజులకు పెద్దది దాన్ని కనిపెట్టింది. అద్దంలోని బిడ్డను చూసి నవ్వేది, ముద్దు పెట్టేది. తినేది ఏదిచ్చినా ముందు బీరువా దగ్గరికి వెళ్ళి అద్దానికి ఆనించి పట్టుకునేది. అద్దంలోది కూడా చెయ్యి చాపేది గాని తీసుకునేది కాదు. కాసేపు చూసి, తానే తినేసేది. అద్దం కింది భాగమంతా బిస్కెట్ పేస్టు, అరటిపండు. సాయంత్రం మా ఆవిడ తడిగుడ్డతో తుడిచేది, పొద్దునకు మళ్ళీ అంతే. మాకు అది ముద్దుగా ఉండేది. ఇంటికి వచ్చినవాళ్ళకు చూపించేవాళ్ళం కూడా.

కుప్పం నుంచి వచ్చే చీటీలు మా మామ రాసేవాడు, బీడీకట్టల అట్ట మీద. "చిన్నపాప రెండు బిస్కెట్లు అడుగుతాంది. ఒకటిస్తే తీసుకోదు. రెండు చేతులూ చాపుతాది. ఒకటి తిని ఒకటి చేతిలో పెట్టుకుని వాకిట్లో కూర్చుంటాంది. కరిగిపోయినా పారెయ్యదు. ఆశ ఎక్కువ." ఆశ ఎక్కువ అన్న దగ్గర నవ్వుకుని, చీటీ జేబులో పెట్టుకున్నాను. ఏది వార్తో ఏది కాదో వేరుచేసి బతికేవాణ్ణి. ఆ అట్ట మీద ఉన్నది నాకు కనబడలేదు. వంతు మారి పెద్దది కుప్పం వెళ్తే అదే పని అక్కడ ఆమె చేసేది, చిన్నది వచ్చి మా అద్దాన్ని ఖరాబు చేసేది. బిడ్డలు మారారు గాని పనులు మారలేదు. అదీ కనబడలేదు.

మొదటి రెండు మార్పిడుల్లో ఇద్దరూ పుంగనూరు బస్టాండులో ఒకరి మీద ఒకరు పడి, జుట్లు పట్టుకుని, నవ్వి, అరిచి పెద్ద గొడవ చేశారు. విడదీసి చెరో బస్సు ఎక్కించడానికి ముగ్గురం చాలేవాళ్ళం కాదు. మూడోసారి కొంచెం తక్కువ. నాలుగోసారి సులభంగా అయిపోయింది. అలవాటు పడ్డారు అన్నాను నేను.

ఐదోసారి చలికాలం. పదకొండు దాటినా ఎండ ఎక్కలేదు. పెద్దది మా దగ్గర ఉంది, చేతిలో బిస్కెట్. కుప్పం వైపు నుంచి బస్సు వచ్చి ఆగింది. మా అత్త చిన్నదాన్ని చంకనేసుకుని, ఒక్కో మెట్టూ ఆగి ఆగి దిగింది. షెడ్డు కింద సిమెంటు బెంచీ దగ్గర ఇద్దర్నీ ఎదురెదురుగా దించబోయాం. పెద్దది వాళ్ళమ్మ చీర కుచ్చిళ్ళ వెనక్కి వెళ్ళి దాక్కుంది. చిన్నది మా అత్త మెడ పట్టుకుని మొహం తిప్పుకుంది. దారిన పోయే చుట్టాన్ని చూసి పిల్లలు సిగ్గుపడతారు చూడండి, అట్లా. పక్కన ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్మే ఆమె గంప మీద చెయ్యి ఆనించి చూస్తూ ఉంది.

"కవలలా అమ్మా?"

"ఊ," అంది మా ఆవిడ.

"ఒగరికొగరు కొత్త మాదిరుండారే."

ఆమె ఏ ఉద్దేశంతోనూ అనలేదు. కాయలు కొలిచి ఇంకెవరికో పోసింది. మేం ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కాసేపటికి పెద్దది కుచ్చిళ్ళ వెనకనుంచి తల బయట పెట్టింది. రెండడుగులు వేసి చిన్నదాని ముందు నిలబడి, ఇంట్లో అద్దం ముందు చేసినట్టే, చేతిలో బిస్కెట్ ముందుకు పట్టుకుంది. అట్లాగే పట్టుకుని చూస్తూ నిలబడింది. ఎప్పుడూ జరిగేది జరుగుతుందని ఆమె లెక్క. చిన్నది అత్త మెడ వదిలి జారి దిగింది. బిస్కెట్ తీసుకుంది. కొరికింది.

పెద్దది తన ఖాళీ చేతిని చూసుకుంది. తిప్పి వెనక వైపు కూడా చూసుకుంది. మళ్ళీ ఎదురుగా ఉన్నదాన్ని చూసింది. అద్దంలోది ఎప్పుడూ తీసుకోలేదు కదా. అప్పుడు చిన్నది తన ఎడమ పిడికిలి విప్పింది. కుప్పంలో బస్సెక్కినప్పటినుంచీ పట్టుకున్న రెండో బిస్కెట్, తడిసి ముద్దయి వేళ్ళకంతా అంటుకుని ఉంది. దాన్ని పెద్దదాని నోటికి పులిమింది. ఇద్దరూ బెంచీ కింద నేల మీద కూర్చుని ఒకరి చెయ్యి ఒకరు నాకడం మొదలుపెట్టారు. అక్కడ నేల ఎట్లా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఎవరం వద్దనలేదు.

మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇంగ సాలప్పా," అంది మా అత్త. "ఇద్దుర్నీ తీసకపోండి."

నేను ఊరుకుని ఉండవలసింది. "ఇంకొక్క రెండు నెలలు అత్తా. సెలవులొచ్చేదాకా. ఇప్పుడిప్పుడే కొంచెం నిద్ర..." అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నా మొహం వైపు చూసింది, జ్వరం ఉందేమో అని చూసినట్టు. "నిద్రే కదప్పా నీకు కావాల్సింది? నేనొచ్చి సూసుకుంటా, నువ్వు పండుకో. బిడ్డల్ని మాత్రం ఇంగ మార్చేది వద్దు."

"నీ మోకాళ్ళు?" అంది మా ఆవిడ.

"నేను పీట మింద కూర్చుంటా. వాళ్ళే నా సుట్టూ పరిగెత్తుతారు. వచ్చే బస్సేదో సూడండి."

కట్టుకున్న చీర తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు. నా ఫోన్ తీసుకుని మా మామకు చేసింది. "ఇదో, నేను మదనపల్లికి పోతాండా... యాల అంటే యాలనో సెప్తాలే. అన్నం నువ్వే వండుకో. కొట్టుకు పొద్దుపోతే ఆ బన్నులే రెండు తిను, పాతవి ముందు తిను." ఫోన్ నా చేతిలో పెట్టి, చిన్నదాన్ని ఎత్తుకోబోయి మళ్ళీ ఆగి, ఇద్దర్నీ లేవమని చెయ్యి చాపింది.

మదనపల్లె బస్సులో ముగ్గురి సీటు దొరికింది. ముగ్గురి ఒళ్ళోనూ వాళ్ళిద్దరే అటూ ఇటూ పడుకున్నారు. కాసేపటికి ఒకదాని చెయ్యి వచ్చి నా చెవి పట్టుకుంది. ఏ బిడ్డదో చూద్దామని గోళ్ళరంగు కోసం కాలు వెతికాను. నాలుగు కాళ్ళూ ఒకే కుప్పగా ఉన్నాయి, వదిలేశాను. మా అత్త వేసవి సెలవులదాకా ఉంది, నిజంగానే పీట మీద. నాకు అనుకున్నంత నిద్ర దొరకలేదు. బీరువా అద్దాన్ని మాత్రం మళ్ళీ తుడవలసిన అవసరం రాలేదు.

మొన్న చిన్నది వాళ్ళ అమ్మమ్మకు ఫోన్ చేసి, స్పీకరులో పెట్టి, సామాన్ల గురించి మాట్లాడుతూ మళ్ళీ ఆ మాటే అంది, మొదటిసారి అని. అవతల నుంచి ముసలామె నవ్వింది. "మొదటిసారా? పుంగనూరు బస్టాండునడుగు, సెప్తాది."

పిల్లలిద్దరూ మా వైపు తిరిగారు. నేను నీలం సంచీ తెచ్చి ముందు పెట్టాను. పెద్దది చీటీ చదివింది. మా ఆవిడ మొదలుపెట్టింది, మధ్య మధ్య నేను అందుకున్నాను. ఇంకో రెండు నెలలు అని నేను అన్న సంగతి మా ఆవిడ చెప్పకుండా వదిలేసింది. అది నేనే చెప్పాను. ఇద్దరూ ఇంకెవరి గురించో విన్నట్టు విన్నారు.

"మరి మేము బాగా ఏడ్సినామా?" అంది చిన్నది.

"లేదు. మీరు ఏడవలేదు," అంది వాళ్ళమ్మ.

ఎవరు ఏడ్చారని వాళ్ళు అడగలేదు. పెద్దది చీటీని పాత మడతల మీదే మడిచి, సంచీలో కాకుండా సూట్‌కేసులో చిన్నదాని బట్టల మధ్య పెట్టింది. పిల్లలకు ఆ వయసు గుర్తుండదు. వాళ్ళు గడిపిన ఆ కాలాన్ని ఇన్నేళ్ళూ మేమే మోసుకు తిరిగాం, ఇప్పుడు అడిగారు కాబట్టి వాళ్ళది వాళ్ళకు ఇచ్చేశాం.