మూడు ముప్పై నాలుగో పేజీలు

1987 వేసవిలో, మరమ్మతుల కోసం నీళ్ళాపి కాలువలు కట్టేసిన రోజుల్లో, ధవళేశ్వరంలోని ఒక డివిజను ఆఫీసులో నన్ను ప్రత్యేక విధి మీద వేశారు. అప్పుడు నేను అసిస్టెంట్ ఇంజనీరుని. ప్రత్యేక విధి అనగానే ఏదో గౌరవం అనుకునేరు. కాలువలు, లాకులు, తూములు ఎవరు ఎప్పుడు ఎలా నడపాలో చెప్పే పాత మాన్యువల్‌ని తిరగరాసి, వరదల లోపు చీఫ్ ఇంజనీరు గారి చేతిలో పెట్టడం నా పని. మూడు వందల పేజీల పైచిలుకు ఇంగ్లీషు. నాకు ముందు ఇద్దరు దాన్ని మొదలుపెట్టి, ఎక్కడికో అక్కడికి బదిలీ చేయించుకుని బయటపడ్డారు.

నాకు ఆ దారి లేదు. మా ఆవిడకి రాజమండ్రిలో ఆడపిల్లల స్కూల్లో అప్పుడే ఉద్యోగం పర్మనెంటయింది. మా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుబ్బారాయుడు గారు మొదటి రోజే నన్ను కూర్చోబెట్టి, మన్యంలో ఒక పోస్టు ఖాళీగా ఉందనీ, మాన్యువల్ పూర్తి కాకపోతే అందులోకి నా పేరే రాస్తాననీ చెప్పారు. కాఫీ ఇప్పించి మరీ చెప్పారు. ఆయన మాటంటే మాటే. నేను మన్యం వెళ్తే మా ఆవిడ ఒక్కతే ఇక్కడ, లేదా ఆవిడ ఉద్యోగం గోదాట్లో.

ఇక్కడ మా శాఖ ఆచారం ఒకటి చెప్పాలి. పై అధికారి దగ్గరికి వెళ్ళిన కాగితం ఏ దిద్దుబాటూ లేకుండా తిరిగొస్తే ఆయన చదవలేదని లెక్క. అందుకని ప్రతివారూ ఏదో ఒకటి దిద్దేవారు. విషయం దిద్దాలంటే చదవాలి. రూపం దిద్దడానికి చూస్తే చాలు. సుబ్బారాయుడు గారికి అంకెలు 1.1, 1.2 అని చుక్కలతో కావాలి, ఎడమవైపు జానెడు ఖాళీ కావాలి. ఆయన పైన సూపరింటెండింగ్ ఇంజనీరు గారికి రోమన్ అంకెలు కావాలి, ప్రతి శీర్షికా పెద్దక్షరాల్లో ఉండి కింద గీత ఉండాలి, వరసలు దగ్గర దగ్గరగా ఉండాలి. తెల్లవాళ్ళ కాలంలో అలాగే ఉండేదట. ఒకరి గదిలో పచ్చ సిరాతో పెట్టింది రెండో గదిలో పచ్చ సిరాతోనే కొట్టేసేవారు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. మధ్యలో టైపిస్టు అన్నపూర్ణ గారు స్టెన్సిళ్ళు మళ్ళీ మొదటినుంచి కొట్టేవారు. మధ్యలో ఒక్క పేరా చేరిస్తే ఆ తరవాతి అంకెలన్నీ, పేజీలన్నీ మారిపోతాయి కదా. మూడోసారి కొట్టాక ఆవిడ సెలవు చీటీ నా బల్ల మీద పెట్టి, ఇంక మీరూ మీ రోమన్లూ అని వెళ్ళిపోయారు. ఆవిడ మీద నాకు కోపం రాలేదు, అసూయ వేసింది.

కంప్యూటర్ అనే మాట అప్పుడే ఊళ్ళలో వినబడుతోంది. రాజమండ్రిలో ఒక షాపతను తెర మీద ఎలా కనబడితే కాగితం మీద అలాగే వస్తుందని ఊరించాడు. రెండు అధ్యాయాలు ఇచ్చి చూశాను. నిజమే, ముద్దొచ్చేలా వచ్చింది. కానీ శీర్షికల కింద గీతలు తీసెయ్యమంటే అతను ఒక్కో శీర్షికనీ వెతుక్కుంటూ వెళ్ళి తీశాడు. కొన్ని మిగిలిపోయాయి, కొన్ని గీతలతోపాటు శీర్షికలే పోయాయి. ఇది అన్నపూర్ణ గారు చేసే పనే, కాకపోతే ఏసీ గదిలో.

మా ఆవిడకి పిన్ని కూతురు సత్యవతి అప్పుడు భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. వరసకి మరదలే గానీ నాకు ఆవిడంటే భయం. ఆదివారం బస్సెక్కి వెళ్ళి నా గోడంతా చెప్పుకున్నాను. ఆవిడ శ్రద్ధగా విని, పాత మాన్యువల్ తిరగేసి ఒకటే అడిగింది.

"బావగారూ, ఇందులో సగం మాటల కింద గీతలున్నాయి. ఎందుకున్నాయండీ?"

చూశాను. కొన్ని శీర్షికలు. కొన్ని హెచ్చరికలు. కొన్ని లస్కర్లకి, అంటే కాలువ గట్ల మీద తిరిగే కాపలావాళ్ళకి, ఇచ్చిన ఆజ్ఞలు. కొన్ని మాత్రం ఎవరో దొరగారికి ఆ పూట గీత గీయాలనిపించి గీసినవి. నాకు తెలియదని ఒప్పుకున్నాను.

"అయితే ముందు అది తేల్చుకోండి. ఇది శీర్షిక, ఇది హెచ్చరిక, ఇది ఆజ్ఞ అని మీరు చెప్పండి చాలు. ఎలా కనబడాలో తరవాత ఒక్కచోట చెప్దాం."

వాళ్ళ కాలేజీలో ఉన్న ప్రోగ్రాం చూడడానికి దిక్కుమాలినది. తెర మీద ఏ అందమూ ఉండదు. ప్రతి పేరా ముందూ చుక్కతో మొదలయ్యే ఒక గుర్తు పెట్టాలి, అంతే. చుక్క పక్కన ఒక అక్షరం ఉంటే అధ్యాయం, ఇంకోటి ఉంటే హెచ్చరిక. అధ్యాయం పేరు మధ్యలో రావాలా, అంకె ఏ రకం, గీత ఉండాలా అన్నవన్నీ వేరే చిన్న ఫైల్లో ఉంటాయి. అక్కడ ఒక్క మాట మారిస్తే మూడు వందల పేజీలూ మారతాయి. అంకెలు, విషయసూచిక వాటంతటవే సర్దుకుంటాయి. షాపులోని ముద్దొచ్చేదాన్ని వదిలి ఈ చుక్కలదాన్ని పట్టుకున్నాను. సెలవు దొరికినప్పుడల్లా భీమవరం వెళ్ళి రెండు వేళ్ళతో కొట్టాను. సత్యవతి వెనక నిలబడి, బావగారూ అది హెచ్చరికా ఆజ్ఞా అని నిలదీసేది. తల ప్రాణం తోకకొచ్చింది.

మొత్తం ఎక్కించాక నాకు కోతిబుద్ధి పుట్టింది. రూపం వేరే ఫైల్లో ఉన్నప్పుడు ఒక్క రూపమే ఎందుకుండాలి? సుబ్బారాయుడు గారికి చుక్కల అంకెలు, జానెడు ఖాళీ. సూపరింటెండింగ్ గారికి రోమన్లు, గీతలు, ఇరుకు వరసలు. విషయం అక్షరం తేడా లేదు. ఇద్దరికీ విడివిడిగా పంపించాను. ఇద్దరూ పరమానందభరితులై, రెండోవాడు చివరికి దారికొచ్చాడనుకుని, ఒక్క దిద్దుబాటైనా లేకుండా సంతకాలు పెట్టారు. చీఫ్ ఇంజనీరు గారికి చూపు కాస్త మందమని విన్నాను. ఆయన ప్రతి వరసలు దూరం దూరంగా వేయించి, కవరు అంటించి హైదరాబాదు పంపాను. ఆ వారం నా అంత తెలివైనవాడు గోదావరి జిల్లాల్లో లేడని నా నమ్మకం.

జూన్‌లో చీఫ్ గారు వచ్చారు. గెస్ట్ హౌసులో మీటింగు. ఆయన కళ్ళజోడు సర్దుకుని ముప్పై నాలుగో పేజీ తియ్యమన్నారు, అక్కడ వరద హెచ్చరిక గురించి అనుమానం ఉందట. సుబ్బారాయుడు గారు తన ముప్పై నాలుగో పేజీ తీసి, లాకు తలుపులకి గ్రీజు పెట్టడం గురించి చదవడం మొదలుపెట్టారు. సూపరింటెండింగ్ గారు అది కాదండి, ఇక్కడ పూడికతీత ఉందన్నారు. ఒకరు మీ దగ్గర తప్పు ప్రతి ఉందంటే ఇంకొకరు మీ దగ్గరే ఉందన్నారు. చీఫ్ గారు ముగ్గురి ప్రతులూ లాక్కుని బల్ల మీద పక్కపక్కన పెట్టారు. మన్యంలో చలి ఎలా ఉంటుందో అప్పుడే ఊహించుకుంటున్నాను.

ఇదెవరి పని అని అడిగారు. నాదేనండి అన్నాను. విషయం ఒకటే, రూపాలే వేరని చెప్పాను.

"మరి వీటిల్లో అసలుదేదయ్యా?"

"మూడూ అసలువేనండి."

సూపరింటెండింగ్ గారి ముఖం కందిపోయింది. ఇది అధికారుల్ని ఎగతాళి చెయ్యడమేనండి అన్నారు. కాదని అనలేను. చీఫ్ గారు మాత్రం పుస్తకాలు మూసేసి, ఇక పేజీలు వద్దు, అధ్యాయం పేరు చెప్పి పైకి చదవమన్నారు.

నిలబడి చదివాను. వరద మొదటి హెచ్చరిక జెండా ఎగరెయ్యగానే లస్కరు దిగువ మిగులు తూము, అంటే ఎక్కువైన నీళ్ళు బయటికి వదిలే తూము, దగ్గరికి వెళ్ళి తలుపులు ఎత్తాలి అన్న చోట సుబ్బారాయుడు గారు చెయ్యెత్తారు.

"ఆగవయ్యా. ఆ తూము గోడ కట్టి మూసేసి ఎన్నేళ్ళయింది? నా చేతులతోనే మూయించాను."

అవును. పాత మాన్యువల్లోంచి అలాగే దిగిపోయింది. వరద రాత్రి ఒక మనిషి వెళ్ళి గోడని ఎత్తబోతూ ఉండేవాడు, నిజంగా ఎత్తాల్సిన వేరే తూము తలుపు అలా దిగే ఉండేది. ఆ మాటని నేనే నా రెండు వేళ్ళతో కొట్టాను. దాని ముందు ఆజ్ఞ అనే చుక్క గుర్తు కూడా పెట్టాను. వీళ్ళిద్దరూ దాని కింద సంతకాలు చేశారు. ఆ క్షణం మన్యం గుర్తు రాలేదు.

మీటింగు పొద్దు వాలేదాకా నడిచింది. తూముల, లాకుల అధ్యాయాలన్నీ చదివించారు. మూసేసిన తూములు ఇంకా దొరికాయి, లేని లాకు ఒకటి దొరికింది. అంకెల రకం గురించి ఎవరూ నోరెత్తలేదు. లేచేటప్పుడు సూపరింటెండింగ్ గారు నా బదిలీ సంగతి కదిపారు. చీఫ్ గారు ఆయనకేసి చూసి, "ఇది దిద్దడం ఇతనికి తప్ప మీకెవరికైనా వచ్చా? పూర్తయ్యేదాకా ఇతన్ని కదపకండి" అన్నారు.

అదే ఫైలు మీద రాయించి పెట్టుకున్నాను. ఏటా వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఏటా ఏదో ఒక తూము మారుతుంది. కాబట్టి ఆ మాన్యువల్, చీఫ్ గారి మాట ప్రకారం, నేను ధవళేశ్వరంలో ఉన్నన్నాళ్ళూ పూర్తి కాలేదు. మా ఆవిడ అదే స్కూల్లో హెడ్మిస్ట్రెస్ అయింది.

దీనివల్ల నాకు తెలిసింది ఇది. పొడుగాటి పత్రానికి పనిముట్టు ఎంచుకునేటప్పుడు తెర మీద అందాన్ని చూడకూడదు, మారిస్తే ఎన్నిచోట్ల మార్చాలో చూడాలి. రూపం గురించి పట్టుబట్టే అధికారికి ఆయన అడిగిన రూపం ఇచ్చెయ్యాలి, వాదించకూడదు. చదివించే గుర్తు మాత్రం ఏ ప్రోగ్రాంలోనూ లేదు. అందుకని ఆ తరవాత ఏ రిపోర్టునీ నేను సంతకానికి పంపలేదు. ఎదురుగా కూర్చుని, మొదటి మాట నుంచి చివరి మాట దాకా పైకి చదివి వినిపించి, అప్పుడు పెన్ను అందించేవాణ్ణి.