వీపులు గీసిన గోడ

ఈ వారం అమెరికాలో మేముండే ఎడిసన్ ఊరి రైల్వే స్టేషన్‌లో రెయిలింగ్‌కు రంగు వేస్తున్నారు. ఆ తడి వాసన తగలగానే నా కడుపులో పాత మంట లేచింది. కొన్నేళ్ల కిందట ఇదే వాసన మధ్య, రైల్లో వస్తున్న చెల్లెల్ని తీసుకెళ్లడానికి వచ్చిన స్వర్ణ అనే ఆమె పార్కింగ్ గోడ ముందు ఆగిపోయింది. "అది మా ఆయన," అంది. గోడ మీద ఉన్నది ముఖం కాదు, మధ్యాహ్నపు ఎండలో ఆగి ఉన్న కారు పక్కన లంచ్ బాక్స్‌తో నిలబడ్డ ఒక మగవాడి వీపు. బొమ్మ వేస్తున్న వసుంధరగారి చేతిలో బ్రష్ ఆగిపోయింది.

ఉద్యోగాల కోతలు నడుస్తున్న రోజులవి. ఉద్యోగం పోయినా ఇంట్లో చెప్పని మగవాళ్లు మా ఊళ్లో కొందరుండేవారు. పొద్దున్నే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని స్టేషన్‌కు వచ్చేవారు. రైలెక్కకుండా కార్లోనే కూర్చుని ఫోన్లో ఇంటర్వ్యూలు ఇచ్చి, మధ్యాహ్నం అక్కడే లంచ్ బాక్స్ తెరిచేవారు. హైదరాబాద్ దినపత్రికలో చాలాకాలం పనిచేసిన నేను, ఇక్కడి తెలుగు మాసపత్రికలో వాళ్ల గురించి వరుసగా రాశాను. పేర్లు మార్చి, ఆచితూచి రాశాను. ఓక్ ట్రీ రోడ్డు మీది మనవాళ్ల కూరగాయల దుకాణంలో ఆ పేజీలు పరిచి కరివేపాకు కట్టలు పేర్చారు.

వసుంధరగారు మా పక్కింటావిడ, రిటైరైన డ్రాయింగ్ టీచరు. పనిచేసుకు బతికేవాళ్ల బొమ్మ వేయమని టౌన్ ఆఫీసువాళ్లు స్టేషన్ గోడ అప్పగిస్తే, ఆవిడ నేరుగా ఆ కార్ల దగ్గరికే వెళ్లారు. ముఖం కనిపిస్తే ఉద్యోగం లేదని బయటపడి వీసాకు ఏమవుతుందోనని వాళ్ల భయం.

"అయితే అటు తిరిగి నిలబడండి నాయనా. వీపుకి వీసా అడగరుగా!" అన్నారట.

వాళ్లు నవ్వి, అటు తిరిగి నిలబడ్డారు. నా ముందు నోరు విప్పడానికి వారాలు తీసుకున్న మనుషులే! రైలు దిగినవాళ్లు గోడ దగ్గర ఆగేవారు. ఎవరెంతసేపు ఆగుతున్నారో చూడడానికి నేను రోజూ వెళ్లేవాణ్ని.

"ఎలా ఉంది విలేకరిగారూ?" అని ఒకరోజు ఆవిడ అడిగారు.

"నీడలు కాస్త ఎక్కువయ్యాయండీ."

"మీ వ్యాసాల్లో కన్నీళ్లలాగానా? అన్నీ మీరే చెప్పేస్తే చదివేవాళ్లకు ఏం మిగులుతుందండీ?"

ఆ మాట చాలా రోజులు గుచ్చుకుంది. నిజం కాకపోతే అంత గుచ్చుకునేది కాదు.

వీపును ఎవరూ పోల్చుకోరని ఆవిడా నమ్మారు, నేనూ నమ్మాను. కానీ రోజూ గుమ్మంలో నిలబడి సాగనంపే భార్య చూసేది ఆ వీపునే కదా.

"అయ్యో తల్లీ, ఇప్పుడే చెరిపేస్తాను," అన్నారు వసుంధరగారు ఆ రోజు స్వర్ణతో.

"వద్దు మేడమ్. చెరిపితే నాకు తెల్సిందని ఆయనకు తెలుస్తది. ఆయనంతట ఆయనే చెప్పనీయండి." స్వర్ణ బొమ్మకు దగ్గరగా వెళ్లింది. "గీ కాలర్ ఎప్పుడూ గిట్లనే మడత పడ్తది. సర్దుదామంటే ఆగడు."

పక్కనే ఉన్న నాకు ముందుగా కలిగింది జాలి కాదు, అసూయ. నేను అచ్చులో పెట్టిన మనుషుల్లో ఒక్కరినైనా వాళ్లింటివాళ్లు పోల్చుకోలేదు.

వసుంధరగారు ఇప్పుడు లేరు. నేను మాత్రం ఏది రాసినా చివరి పేరా కొట్టేస్తున్నాను. కొట్టేసిన ప్రతిసారీ వ్యాసం బాగుపడుతుంది, ఆవిడ మీద అసూయ ఇంకాస్త పెరుగుతుంది.

మొన్న స్వర్ణ కూరగాయల దుకాణంలో కనిపించింది. భర్తకు ఎప్పుడో వేరే ఉద్యోగం వచ్చిందని చెప్పింది. మధ్యలో పాతది పోయిన సంగతి ఆయన ఇప్పటికీ ఆమెకు చెప్పలేదు. తనకు తెలుసని ఆమె కూడా చెప్పలేదు.