ఎడమచేత్తో కట్టిన యాభై అంట్లు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇది జరిగాక కూడా నమ్మడం లేదు. భయపెట్టడానికి రాయడం లేదిది. ఇన్నేళ్లయినా కోపం తగ్గక రాస్తున్నాను.

తొంభైల చివర్లో నేను హైదరాబాద్‌లో బీఎస్సీ హార్టికల్చర్ మూడో సంవత్సరం. మాది ఏలూరు. పుస్తకాల్లో బాగానే ఉండేదాన్ని కానీ అంటు కట్టడం మాత్రం నాకు పట్టుబడలేదు. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క తల కోసి, చీల్చి, మంచి చెట్టు పుల్లను అందులో దించి, పాలిథీన్ పట్టీతో బిగించాలి. నేను పది కడితే రెండు బతికేవి.

ఆ ఏడు ప్రాక్టికల్స్‌కి మమ్మల్ని మాదాపూర్ దాటాక ఒక ప్రైవేటు మామిడి తోటకి తీసుకెళ్లారు. చుట్టూ ఆఫీసు భవనాలు లేస్తున్నాయి. తోట కూడా అప్పటికే అమ్ముడుపోయింది, కొట్టేయాల్సిన చెట్లకు సున్నం గుర్తులు పెట్టారు. నేను అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. తలా యాభై అంట్లు కట్టాలి, నెల తర్వాత చిగురించినవాటికి మార్కులు.

మధ్యాహ్నం పక్క గుట్టలో రాళ్లు పేల్చారు. ఆ మోతకి ఉలిక్కిపడ్డాను. తేరుకుని చూసుకుంటే కత్తి నా ఎడమచేతిలో ఉంది. నాది కుడిచేతి వాటం. ఎడమచేత్తో నా పేరు కూడా రాయలేను.

స్పృహ తప్పలేదు. కళ్లు తిరగలేదు. నా చేతులు పని చేస్తుంటే నేను చూస్తూ కూర్చున్నాను, అంతే. ఒక్క కోతలో పుల్ల కొస చెక్కడం, పట్టీని మాకు నేర్పినదానికి ఎదురు దిక్కులో చుట్టడం, చివర్లో కొసను చిన్న చెవిలా వదిలి ముడి వేయడం. మిగతావాళ్లు ఇరవై కట్టేలోపు నావి యాభై అయిపోయాయి. పక్కనే ఉన్న సుధ, "ఏంటే, నీది ఎడమచేతి వాటమా?" అంది. ఆ మాట విన్నాక ఎడమచేత్తో ఇంకొకటి కట్టబోతే, ఒక్క కోత కూడా సరిగా పడలేదు.

నెల తర్వాత యాభైకి యాభై చిగురించాయి. మెచ్చుకుంటారనుకున్నాను. మా ప్రాక్టికల్స్ సారు ఒక మొక్క చేతిలోకి తీసుకుని ముడి చూశారు.

"ఎవరితో కట్టించావమ్మా?"

"నేనే కట్టానండి."

"ఇది ఏళ్ల తరబడి కట్టిన చెయ్యి. నీది కాదు."

సుధ వైపు చూశాను. మార్కులు సారు చేతిలో ఉన్నాయి కదా, "నేను గమనించలేదండి" అని తల దించుకుంది.

తోటమాలి భార్య లచ్చమ్మ తోటలోనే ఒక షెడ్డులో ఉండేది. సారు ఆమెను పిలిపించి మొక్క చూపించారు. ఆమె ఆ ముడిని వేలితో తడిమి, అక్కడే మట్టిలో కూలబడింది.

"గిది మా ఆయన ముడి సారూ. ఎడమ చేత్తోని గిట్లనే కడుతుండె."

"చూశావా! మాలి చేత కట్టించుకుని నా దగ్గర అబద్ధాలా?"

"ఎట్ల కడతడు సారూ? ఆయన పోయి మూడు నెలలాయె."

సారు మొక్కను పక్కన పెట్టేశారు. "అయితే ఆయన దగ్గర నేర్చుకున్నవాడెవడో ఉంటాడు" అన్నారు. ఎవ్వరికీ నేర్పలేదని, తనకు కూడా నేర్పలేదని లచ్చమ్మ చెబుతూనే ఉంది. వినేవాళ్లేరి? తోట అమ్మాక యజమాని ఆయన్ని పొమ్మన్నాడట. కొట్టేసేలోపు ఈ చెట్లవి కొన్ని అంట్లు కట్టనివ్వమని బతిమాలితే, ఇంకెందుకని కసిరాడట. తర్వాత జ్వరమొచ్చి దవాఖానలో పోయాడు.

నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పది అంట్లు మళ్లీ కట్టించారు. ఎప్పటిలాగే రెండు బతికాయి. ఫెయిల్ చేశారు. మరుసటి ఏడు జూనియర్లతో కూర్చుని ఆ కోర్సు మళ్లీ చదివాను. సరిగ్గా కట్టనప్పుడు నా మాట నమ్మారు, సరిగ్గా కట్టినప్పుడు దొంగనన్నారు.

ఫలితం తెలిసిన వారానికి ఒక్కదాన్నే తోటకి వెళ్లాను. చెట్లు కొట్టేశారు. లచ్చమ్మ మదీనాగూడలో ఉన్న కూతురింటికి వెళ్లడానికి మూటలు కడుతోంది. ఆ యాభై మొక్కలకు నీళ్లు చల్లి వరసగా పెట్టుకుంది. నన్ను చూసి లేచి, ఒక టెంక మొక్క, మామిడి పుల్ల, ఆయన కత్తి తెచ్చి, కత్తిని నా ఎడమచేతిలో పెట్టింది.

"ఒక్కటి కట్టు బిడ్డా. జర చూస్త."

ఎదురుగా గొంతుక్కూర్చుని నా చేతినే చూస్తోంది. నేను ప్రయత్నించాను. పుల్ల వంకరగా తెగింది. మళ్లీ చెక్కాను. అదీ వంకరగానే తెగింది. అయినా ఆమె చూపు తిప్పలేదు.

"రావడం లేదండి" అన్నాను చివరికి.

ఆమె కత్తి తీసుకుని కొంగుకు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం నా చేతులకు ఏమైందో నాకు ఈరోజుకీ తెలియదు. సారు మీద, సుధ మీద, ఆ యజమాని మీద కోపం ఉంది, కారణాలూ ఉన్నాయి. కానీ అంత ఆశగా చూసిన మనిషితో ఆ మాట అనాల్సి వచ్చినందుకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాత్రం తెలియడం లేదు.