అమ్మ నవ్వితేనే అచ్చుకు

మా మేనమామ పేపర్లో రాసిన ముచ్చట్లను పుస్తకంగా తెస్తున్నామని మొన్న ఒకాయన ఫోన్ చేసి, ముందుమాట నన్నే రాయమన్నాడు. మేనకోడలిని కదా, మామ రాసిన యాసలోనే రాస్తే బాగుంటుందట. రెండు రోజులుగా తెల్ల కాగితం ముందు కూర్చున్నాను. తెలుగు టీచరుగా రిటైరైనదానికి నాలుగు వాక్యాలు రావడం లేదంటే నలుగురూ నవ్విపోతారు.

మామ పంజాగుట్టలో ఒక పత్రికాఫీసులో పనిచేసేవాడు. వారం వారం ఒక నేతగాని ముసలి పెళ్లాం మాట్లాడుతున్నట్టు రాసేవాడు. ఇది అచ్చువేసే భాషేనా అని ఆఫీసులో ఎవరైనా మూతి విరిస్తే, విక్టోరియా రాణి కాలంలోనే ఇంగ్లండులో ఒక పత్రికాయన మిల్లు కూలీల మాటలో కథలు రాశాడనీ, రాణికి రాని కోపం మీకెందుకనీ దబాయించేవాడట. ఆ కథలు రాణి చదివిందో లేదో మామకూ తెలియదు. అసలు సంగతేమిటంటే, ఆ ముసలామె మా అమ్మే. మగ్గాల ఊరి నుంచి వచ్చి బల్కంపేట సందులో జాకెట్లకు హుక్కులు కుట్టుకునే మనిషి, అక్షరం ముక్క రాదు. ఆదివారం పొద్దున మామ అమీర్‌పేట చౌరస్తా మీదుగా నడిచి వచ్చి, చాయ్ తాగి, రాసింది చదివేవాడు. అమ్మ తలెత్తకుండా వినేది. నవ్విందా, అచ్చుకు పోయినట్టే. లేకపోతే సూది ఆపి, "తమ్మీ, గిది పేపరోళ్ల మాట. మనోళ్లు గిట్లంటరా?" అనేది. లోకాన్నంతా ఎకసెక్కాలాడే మామ కిక్కురుమనకుండా ఆ ముక్క కొట్టేసేవాడు.

నేనేమో ఎస్.ఆర్. నగర్ బడిలో పిల్లల నోట అవే మాటలు వినబడితే బెంచీ ఎక్కించేదాన్ని. ఇంట్లో కూడా పుస్తకంలాగే మాట్లాడేదాన్ని. నా స్నేహితుల ముందు అమ్మ నోరు విప్పకపోతే బాగుండుననుకున్న రోజులూ ఉన్నాయి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

పక్షవాతం వచ్చి అమ్మకు మాట పడిపోయింది. చూపు ఉంది, తెలివి ఉంది, మాటే లేదు. మామ ఆదివారాలు మానలేదు. చదువుతూ వాక్యం వాక్యానికీ ఆగి అమ్మ మొహంలోకి చూసేవాడు. ఒకరోజు, కథలో ముసలామె ఇంట్లో మగ్గం విప్పి అమ్మేసే చోట ఆగిపోయి, నా వైపు తిరిగాడు.

"బిడ్డా, గీడ మీ అమ్మ అయితే ఏమంటుండె? జర చెప్పు. నువ్వు చెప్పకుంటే ఇగ నేను రాసుడు బందే."

ఆమె కడుపున పుట్టినదాన్ని, ఆమె చేతి ముద్ద తిని పెరిగినదాన్ని. ఎంత వెతుక్కున్నా ఒక్క మాట దొరకలేదు. చివరికి చక్కని వాక్యమొకటి చెప్పాను, చదివితే కన్నీళ్లొచ్చేలాంటిదే. నన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక మామ రాసుకున్నాడు. మంచం మీద అమ్మ నన్నే చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది.

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అమ్మ పోయేదాకా ప్రతి ఆదివారం వచ్చాడు గానీ, మళ్లీ ఏమీ చదవలేదు. అమ్మ మాట ఒక్క పూటలో పోయింది. నాది పోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది, అందుకే పోతున్నట్టు నాకే తెలియలేదు.