భూర్జం మాష్టారి చెట్టు కథ

భూర్జం మాష్టారికి ఒక్కటే జబ్బు: మనిషి దొరికితే చాలు, ఒక చెట్టు పేరు పట్టుకుని ఆరు భాషలు తిప్పుకొస్తారు. రిటైరైన భాషల మాష్టారాయన. పక్కవాటాలో ఉంటూ, పొద్దున తొమ్మిదికల్లా వడ్రంగి దుకాణం గుమ్మంలో స్టూలేసుకుని కూర్చునేవారు.

“సంస్కృతంలో భూర్జం. రష్యనులో బెర్యోజా. జర్మనులో బిర్కె. ఇంగ్లీషులో బర్చ్. అన్నీ ఒక తల్లి బిడ్డలేనండీ. తెల్లగా మెరిసేదని ఆ తల్లి పేరుకి అర్థం” అని మొదలెడితే, వచ్చినవాళ్లు ఎందుకొచ్చారో మరిచిపోయేవారు. లాటిను దగ్గర ఇంకో పావుగంట. అక్కడ ఆ పేరు వేరే చెట్టు మీదికి దూకేసింది మరి. ఊళ్లో అసలు చెట్టు దొరక్కపోతే పేరు మాత్రం ఏం చేస్తుంది పాపం అని ఆయనే జాలిపడేవారు. నా బీరువా ఏదని కేకలేస్తూ వచ్చిన లాయరొకాయన, లిథుయేనియను దాకా విని, అరవడానికి ఓపిక లేక స్తంభానికి చేరగిలబడ్డాడు.

వడ్రంగికి ఇదంతా చూస్తే ఒళ్లు మండేది. అతని పనితనానికి వంక పెట్టలేం గానీ, దేనికైనా “రేపు” అంటాడు, ఆ రేపు రావడం ఎవరూ చూడలేదు. బేరాలు పోతున్నాయంటే అది మాష్టారి భూర్జం వల్లేనని అతని గట్టి నమ్మకం. శనివారం ఉండబట్టలేక, ఇక దుకాణానికి రావద్దని మొహం మీదే చెప్పేశాడు. మాష్టారు స్టూలు చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.

సోమవారం పదింటికి డాక్టరమ్మ వస్తానంది. ఆస్పత్రికి ఆరు బెంచీలు. అవి అందితే కొత్త భవనం పనంతా, అంటే ఏడాది తిండి, అతనిదే. అందకపోతే వేరేవాళ్లకిస్తానని ముందే చెప్పింది. పదింటికి పది నిమిషాలుందనగా ఆమె కారు వీధి మలుపులో ఆగింది. ఆరో బెంచీ ఇంకా మూడు కాళ్ల మీదే ఉంది.

“మాష్టారుంటే ఆపేవారు” అంది వడ్రంగి భార్య.

“ఆయనా? వచ్చినవాళ్లని తరిమేసే మనిషి.”

“ఎవరిని తరిమారు? పని పూర్తయినవాళ్లని ఎప్పుడైనా ఆపారా? ఇవాళ ఎవరిది మిగిలిపోయిందమ్మా అని రోజూ పొద్దున్నే నన్నడిగేవారు. వాళ్లనే పట్టుకునేవారు. మీకు చెప్పొద్దన్నారు, చిన్నబుచ్చుకుంటారని.”

వడ్రంగి చేతిలో సుత్తి కింద పెట్టేశాడు. లాయరు స్తంభానికి చేరగిలబడ్డ ఆ అరగంటలోనే కదా తను బీరువాకి తలుపులు బిగించింది! సిగ్గుతో చచ్చిపోయాడు. పరుగెత్తుకెళ్లి పక్కవాటా తలుపు కొట్టాడు.

“మాష్టారూ, తప్పయిపోయింది. డాక్టరమ్మ వచ్చేసింది. బెంచీకి ఒక కాలు మిగిలింది.”

మాష్టారు అతన్ని ఎగాదిగా చూశారు. కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకున్నారు. స్టూలు అందుకున్నారు.

“ఎంతసేపు కావాలోయ్?”

“అరగంట.”

“డాక్టరమ్మ చదువుకున్న మనిషి, ఎదురు ప్రశ్నలు వేస్తుంది. తీరిగ్గా పాలిష్ కూడా పెట్టుకో” అంటూ చెప్పులు తొడుక్కున్నారు.